వేళకు తప్పుకునే రెస్టు

విల్లు మీద బాణం ఆనే చిన్న భాగాన్ని రెస్టు అంటాం. గుప్పిట్లో పట్టేంత వస్తువు. కాంపౌండ్ విల్లు చూడగానే అందరి కళ్లూ కొసల్లో తిరిగే చక్రాల్లాంటి క్యాముల మీదికో, సైటు మీదికో, ముందుకు పొడుచుకొచ్చిన స్టెబిలైజరు మీదికో పోతాయి. కొనేటప్పుడు అడిగేదీ వాటి గురించే. బాణాలు ఒకచోట పడటం లేదని నా దగ్గరికి తెచ్చే విళ్లలో చాలావాటికి లోపం మాత్రం ఈ రెస్టు దగ్గరే దొరుకుతుంది.

నేను ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టర్ని. మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ సుత్తి పట్టాడు. తరవాత మా నాన్న, ఇప్పుడు నేను. న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు వెనక వరండాలో ఒక వైసు, ఆలెన్ కీల కట్టలు రెండు (అంగుళాలది ఒకటి, మిల్లీమీటర్లది ఒకటి), వెర్నియర్, తాడుకి తగిలించే చిన్న లెవెళ్లు ఉంటాయి. డ్యూటీ దిగాక పిల్లల విళ్లు అక్కడే చూస్తాను. స్క్రూలూ దారాలూ కొన్న ఖర్చు తప్ప ఏమీ తీసుకోను. మధురాకాటి, నీంపురా నుంచి మన తెలుగు పిల్లలు వస్తారు. ఝాడ్‌గ్రామ్ వైపు నుంచి సంతాల్ పిల్లలు లోకల్ రైలెక్కి వస్తారు. మనవాళ్లు నన్ను ‘మామయ్యా’ అంటారు, వాళ్లు ‘కాకూ’ అంటారు. విల్లు బల్ల మీద పెట్టాక అందరూ అడిగేది ఒకటే, ఏ రెస్టు మంచిది అని.

ఆ ప్రశ్నకి నేరుగా జవాబు ఇవ్వలేను. బాణం తాడు వదిలి బయటపడటానికి సెకనులో వందో వంతుకు కాస్త ఎక్కువ పడుతుంది. అంతలోనే రెస్టు రెండు పనులు చేయాలి. మొదట బాణాన్ని కదలకుండా మోయాలి. తరవాత ఈకలు తగలకుండా తప్పుకోవాలి. మోయడం ఏ రెస్టయినా మోస్తుంది. తేడా అంతా తప్పుకోవడంలో ఉంది. ఎప్పుడు, ఎలా తప్పుకుంటుందన్నదాన్ని బట్టే రెస్టుల్లో రకాలు పుట్టాయి. ఎవరికి ఏది పనికొస్తుందన్నదీ దాన్ని బట్టే తేలుతుంది.

మా ప్రాంతపు వెదురు విల్లుకి రెస్టే లేదు. విల్లు పట్టిన పిడికిలి మీదే బాణం ఆనుతుంది. అందుకే ఆ బాణాలకి పక్షి ఈకలు కడతారు. ఈక చేతికి రాసుకున్నా ముడుచుకుని జారిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఈ రోజుల్లో అంటించే ప్లాస్టిక్ ఈకలకి ఆ గుణం లేదు, తగిలితే బాణాన్ని పక్కకి తన్నేస్తాయి. వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ పోటీలు ఆడి వచ్చిన కుర్రాడు కాంపౌండ్ పట్టుకోగానే ఇబ్బంది పడేది ఇక్కడే. చేతి ఒడుపుతో తను సర్దుకున్న పనిని ఇప్పుడు ఒక యంత్రానికి అప్పజెప్పాలి. ఆ యంత్రాన్ని ఇంకొకరు సరిగా బిగించి ఉండాలి.

మా పిల్లల చేతికి వచ్చే రెస్టులు చాలావరకు వేటగాళ్ల కోసం తయారైనవి. దానికి కారణం అమెరికా. అక్కడ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల్ని వేటాడటం లక్షలమంది చేసే పని, కంపెనీల అమ్మకాల్లో పెద్ద వాటా వాళ్లదే. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మేనమామలు, అన్నలు సెలవులకి వస్తూ సూట్‌కేసులో పెట్టి తెచ్చేవీ, చేతులు మారిన విళ్లకి బిగించి ఉండేవీ అవే.

వేటగాడి అవసరం వేరు. వాడు చలిలో, చీకట్లో చెట్టెక్కి కూర్చుంటాడు. విల్లు వంగుతుంది, ఒరుగుతుంది, కొమ్మకి తగులుతుంది. అయినా బాణం రెస్టు మీంచి జారకూడదు, చప్పుడు కాకూడదు. వేసేది ఇరవై ముప్పై గజాల నుంచి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు వెడల్పుంటుంది. మా పిల్లాడు వేసేది 50 మీటర్ల నుంచి. అక్కడ 80 సెంటీమీటర్ల కాగితం మీద పది మార్కుల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. ఒరిగి కూర్చోవడం, చప్పుడుకి జంతువు బెదరడం అనే గొడవలు వీడికి లేవు. డెబ్బై రెండు బాణాలూ ఒకే తీరున వెళ్లడమే కావాలి.

వేటగాళ్లకి ఇష్టమైన విస్కర్ బిస్కెట్ ఈ తేడాకి మంచి ఉదాహరణ. గుండ్రటి చట్రం, లోపల చుట్టూ కుచ్చుల్లా పోగులు, మధ్యలో రంధ్రం. విల్లు తలకిందులు చేసినా బాణం పడదు. కదిలే భాగం లేదు కనక చెడిపోయేదీ తక్కువే. కానీ అది ఎప్పటికీ తప్పుకోదు. ప్రతి బాణం ఈకలూ ఆ పోగుల మధ్య నుంచి దూసుకునే పోవాలి. ఈకలు త్వరగా అరుగుతాయి, పోగులూ మెత్తబడతాయి. మెత్తబడే కొద్దీ బాణం కొంచెం కొంచెం దిగుతుంది. ఇరవై గజాల వేటలో ఆ తేడా కనిపించదు, 50 మీటర్ల దగ్గర స్కోరుకార్డులో కనిపిస్తుంది. అలాగని దాన్ని పారేయమనను. కొత్తగా నేర్చుకునే పిల్లలకి బాణం మాటిమాటికీ జారిపోయే బెడద తీరుతుంది. దగ్గరి దూరంలో భుజం, వేలు కుదిరేదాకా అదే ఉంచమంటాను.

రెండో రకం డ్రాప్ అవే. బాణాన్ని మోసే చెయ్యి వంటి భాగం విల్లు లాగితే పైకి లేస్తుంది, వదిలితే కిందికి పడిపోతుంది. దీన్ని నడిపించే దారం ఒకటి ఉంటుంది, అది కట్టే చోటుని బట్టి రెండు పద్ధతులు. కేబుల్‌కి కట్టేదాంట్లో, విల్లు లాగుతుంటే కిందికి దిగే కేబులే దారాన్ని గుంజి చేతిని లేపుతుంది. లాగడంలో చివరి అంగుళం రెండంగుళాల్లో అది పూర్తిగా నిలబడాలి. దారం పొట్టిగా కడితే ముందే లేచి కేబుల్ మీద బరువు వేస్తుంది. పొడుగ్గా కడితే పూర్తిగా లేవదు. లింబుకి, అంటే విల్లు వంగే రెక్కకి, కట్టేదాంట్లో పని తిరగబడుతుంది. విల్లు ఊరికే ఉన్నప్పుడు బిగిసిన దారం చేతిని కిందికి పట్టి ఉంచుతుంది. లాగడం మొదలవగానే లింబు వంగి దారం వదులవుతుంది, స్ప్రింగు చేతిని లేపుతుంది. బాణం వదిలాక లింబు తన చోటికి తిరిగి వచ్చేదాకా చెయ్యి పైనే ఉంటుంది కనక బాణానికి ఆసరా ఎక్కువసేపు దొరుకుతుంది. తాడు వదలడంలో చెయ్యి ఇంకా కుదరని వాళ్లకి ఈ రెండోది నప్పుతుంది.

మూడోది బ్లేడు. స్ప్రింగు స్టీలు పలక, కొసన రెండు చిన్న కొమ్ములు, వాటి మధ్య బాణం. కాంపౌండ్‌లో తాడుని వేళ్లతో కాకుండా రిలీజు మీటతో వదులుతాం. అప్పుడు బాణం వంగడం ఎక్కువగా పైకీ కిందికీ ఉంటుంది. బ్లేడు ఆ వంపుకి తగ్గట్టు ఊగి ఊరుకుంటుంది. లక్ష్యం ఆడేవాళ్లకి ఇది పాత నేస్తం. దీంట్లో దారాలు లేవు, టైమింగ్ లేదు. ఎంత మందం, ఎంత వాలు అన్నది తేల్చుకుంటే చాలు. కార్ఖానాలో అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటాం. బ్లేడులు సాధారణంగా ఎనిమిది, పది, పన్నెండు థౌల్లో దొరుకుతాయి. సన్నటి తేలిక బాణానికి ఎనిమిది, ఇండోర్‌లో వాడే లావుపాటి బాణానికి పది పన్నెండు వేసి చూస్తాను. వాలు ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల దగ్గర మొదలుపెడతాను.

రికర్వ్ విల్లు కథ వేరు. అక్కడ తాడు వేళ్ల మీంచి జారుతుంది కనక బాణం పక్కలకి వంగుతుంది, విల్లుని చుట్టుకుని పోయినట్టు పోతుంది. అందుకని కింద సన్నటి తీగ రెస్టు, పక్కన స్ప్రింగు ఉన్న ప్లంజర్. 1960ల్లో విక్ బెర్గర్ అనే అమెరికన్ విలుకాడు ఆ ప్లంజర్‌ని తెచ్చాడు. ఇప్పటికీ విల్లు మీద ఆ రంధ్రాన్ని బెర్గర్ రంధ్రం అనే అంటారు. కాంపౌండ్ రెస్టు ఎత్తు చూసుకోవడానికి నాకు కొలబద్ద అదే.

రెస్టు బిగించే ముందు విల్లు సరిగా ఉండాలి. రెండు క్యాములూ ఒకేసారి ఆగుతున్నాయా, తాడు సాగిందా, బాణం గట్టిదనం లాగే బరువుకి సరిపోతుందా అని చూడకుండా రెస్టు మీద చెయ్యి వేయను. కింద పునాది కదులుతుంటే పైన ఎంత తిప్పినా దండగే.

తరవాత ఎత్తు. బాణం ఆ బెర్గర్ రంధ్రం నడిమధ్య మీదుగా పోవాలి. విల్లుని వైసులో నిలువుగా పట్టించి తాడుకి ఒక లెవెలు, బాణానికి ఒక లెవెలు తగిలిస్తాను. బాణం తాడుకి లంబంగా, లేదా తోక ఒక వెంట్రుకవాసి పైకి ఉండేలా మొదలుపెడతాను. ఆ తరవాత పక్క దూరం. విల్లు నడిమి భాగమైన రైజర్ పక్కనుంచి బాణం మధ్యకి చాలా విళ్లలో 13/16 అంగుళం, అంటే ఇంచుమించు 20.6 మిల్లీమీటర్లు. విల్లుతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పెడతాను. వెర్నియర్‌తో కొలిచి పెన్సిల్‌తో గీత గీస్తాను.

అర మిల్లీమీటరుకి ఏమవుతుందని పిల్లలు అడుగుతారు. లెక్క వాళ్ల చేతే వేయిస్తాను. విల్లు పూర్తిగా లాగినప్పుడు తాడు నుంచి రెస్టుకి దూరం దాదాపు 70 సెంటీమీటర్లు. లక్ష్యం 50 మీటర్లు, అంటే దానికి డెబ్బై రెట్లకు పైమాటే. రెస్టు దగ్గర అర మిల్లీమీటరు జరిగితే లక్ష్యం దగ్గర మూడున్నర సెంటీమీటర్లు. పది వలయం నడిమి నుంచి అంచుకి ఉన్నదే నాలుగు. జరిగినది జరిగి అక్కడే ఆగితే సైటు తిప్పుకుంటే సరిపోతుంది. స్క్రూ వదులై ప్రతి బాణానికీ ఒకోలా జరుగుతుంటే ఏ సైటూ ఆదుకోదు.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష కార్ఖానా నుంచి వచ్చింది. బేరింగు షాఫ్టు మీద అంతటా సమంగా ఆనుతోందా అని చూడాలంటే షాఫ్టుకి పల్చగా నీలం రంగు పూసి తిప్పుతాం. ఎక్కడ ఎత్తుందో అక్కడే రంగు అంటుతుంది, అక్కడే గీరుతాం. రెస్టుకీ అదే పని చేస్తాను. రంగు బదులు ఈకల మీద, రెస్టు మీద టాల్కం పౌడరు చల్లి ఒక బాణం దగ్గర్నుంచి వేయిస్తాను. ఈక తగిలిన చోట పౌడరు చెదిరిపోతుంది. కుడి ఈక తగిలిందా, కింది ఈకా, దారం వైపా అన్నది అక్కడ రాసి పెట్టినట్టు ఉంటుంది. బాణం తోకన తాడు పట్టే నాక్‌ని కొంచెం తిప్పితే చాలాసార్లు దారి దొరుకుతుంది. డ్రాప్ అవే అయితే దారం ఒక మిల్లీమీటరు సర్దుతాను.

ఆ తరవాతే కాగితం. చట్రానికి పాత దినపత్రిక బిగించి, రెండు మీటర్ల దూరం నుంచి దాంట్లోంచి బాణం వేయాలి. మొన చేసిన రంధ్రం, తోక చేసిన చీలిక ఒకేచోట పడితే బాణం తిన్నగా పోతున్నట్టు. తోక పైకి చీల్చితే రెస్టు కొంచెం పైకి లేపాలి, లేదా తాడు మీద బాణం తగిలించే నాకింగ్ పాయింటు దించాలి. కిందికి చీల్చితే దానికి ఎదురు. పక్కలకి చీలినప్పుడు ఎటు జరపాలో ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెప్తుంది. క్యాము ఒరగడం, పిడికిలి మెలితిరగడం కూడా అందులో కలుస్తాయి కనక నేను ఏ సూత్రాన్నీ కళ్లు మూసుకుని పాటించను. ముందు పట్టు చూస్తాను, తరవాత అర మిల్లీమీటరు జరిపి మళ్లీ కాగితం చూస్తాను. చీలిక చిన్నదైతే అదే దారి, పెద్దదైతే వెనక్కి. ఒకసారికి ఒక్క మార్పే. రెండు కలిపి చేస్తే బాగుపడినది దేనివల్లో తెలియదు.

ఆఖరికి ఈకలు లేని బాణం. ఈకలున్న బాణాలతో పాటు దాన్ని ఇరవై మీటర్ల నుంచి వేయిస్తాను. ఈకలు చిన్న తప్పుల్ని గాలిలో దిద్దేస్తాయి, అవి లేని బాణం ఏదీ దాచదు. అది మిగతావాటి పక్కనే పడితే నా పని అయినట్టు. అప్పుడు స్క్రూలకి బ్లూ లాక్‌టైట్ ఒక బొట్టు, స్క్రూ తల నుంచి రెస్టు మీదికి తెల్ల పెయింటుతో ఒక అడ్డగీత. కార్ఖానాలో బిగించిన ప్రతి నట్టుకీ ఆ గీత పెడతాం. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. పిల్లాడు మైదానంలో స్పానరు తీయకుండానే కంటితో చూసుకోవచ్చు.

ఖరగ్‌పూర్ వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాది ఎర్రటి మొరం నేల. ఎండాకాలం ఆ దుమ్ము డ్రాప్ అవే ఇరుసులోకి దూరితే చెయ్యి నెమ్మదిగా పడుతుంది. నూనె వేస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది, అందుకని బ్రష్షుతో దులిపి పొడిగా ఉంచమంటాను. వానాకాలం బ్లేడుకి సన్నటి తుప్పు వస్తుంది, కొమ్ముల లోపలి అంచు గరుకవుతుంది. బాణం చప్పుడు కాకుండా రెస్టు మీద అంటించే ఫెల్టు తడికి ఉబ్బి ఎత్తు మార్చేస్తుంది. వేటగాడికి ఆ ఫెల్టు తప్పదు. మా పిల్లలకి చప్పుడుతో పని లేదు కనక పీకించేస్తాను.

వేట మాట వచ్చింది కనక ఇంకొకటి. మా జంగల్‌మహల్ అడవి ప్రాంతంలో ఏటా వేట పండుగ రోజులు వస్తాయి. తరాల నాటి ఆచారం అది, విల్లు ఇక్కడివాళ్ల ఇళ్లల్లో గౌరవంగా ఉండే వస్తువు. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువుల వేట నేరం. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ అడవుల వైపు వచ్చిన పెద్దపులి ఆ పండుగ రోజుల్లోనే గాయాలతో చచ్చి దొరికింది. అప్పట్నుంచి విల్లు భుజాన వేసుకుని రైలెక్కే కుర్రాణ్ణి చూసే చూపు మారింది. అందుకే పిల్లలకి విల్లు సంచిలో పెట్టుకోమని, విలువిద్య సంఘం ఇచ్చిన కార్డు దగ్గర ఉంచుకోమని చెప్తాను. వేట బాణాలకి పెట్టే బ్లేడు మొనలు తెస్తే ముట్టుకోను. అమెరికా నుంచి వచ్చిన రెస్టు నా వరండాలో లక్ష్యం కోసమే బిగుస్తుంది.

2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచాక మా వైపు తెలుగు ఇళ్లలో ఆడపిల్లలకి విళ్లు కొనడం చూశాను. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెట్టాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ‘సురేఖ వాడే రెస్టే తెప్పించు మామయ్యా’ అని ఒక పిల్ల పట్టుబట్టింది. ఆ పిల్ల విల్లు లాగే పొడుగు, బరువు, బాణం లావు రాసుకుని బ్లేడు రెస్టు పెట్టాను. పెద్దవాళ్ల విల్లుకి కుదిరిన సెట్టింగు నీ విల్లుకి కుదరదమ్మా, నీ కాగితం నువ్వే చించుకోవాలి అన్నాను.

ప్రతి విల్లుకీ నోటు పుస్తకంలో ఒక పేజీ ఉంచమంటాను. పక్క దూరం, ఎత్తు, నాకింగ్ పాయింటు, బ్లేడు మందం, వాలు, దారం పొడుగు, అన్నీ తేదీ వేసి రాయాలి. పోటీ మధ్యలో రెస్టు విరిగితే ఆ పేజీ చూసి ఇంకో రెస్టుని ఆ కొలతలకే పెట్టుకోవచ్చు. పేజీ లేనివాడు పక్కవాళ్ల సలహాలతో సాయంత్రందాకా తిప్పుతూ కూర్చుంటాడు.

ఇక డబ్బు. తండ్రులు చివర్లో నెమ్మదిగా అడిగేది అదే. పేరున్న రెస్టు అమెరికాలో వంద నుంచి రెండు వందల డాలర్లు, ఇక్కడికి వచ్చేసరికి ఇంకా ఎక్కువ. నా లెక్కలో మొదటి ఖర్చు సరైన బాణాలు, రెండోది మంచి తాడు, కేబుళ్లు. మూడోది రెస్టు. అందులోనూ స్క్రూలు గట్టిగా పట్టేది, మర గీతలు స్పష్టంగా ఉన్నది, విడిభాగాలు మన దేశంలో దొరికేది ఉంటే చాలు, పేరు చూడక్కర్లేదు. సగం ధరకే అలాంటిది దొరుకుతుంది. మిగిలిన సొమ్ముతో ఇంకో అరడజను బాణాలు కొనమంటాను. బాణాలు ఎక్కువుంటే పిల్లాడు రోజూ ఎక్కువ వేస్తాడు, మేం బిగించిన రెస్టు నిలుస్తుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.